రేవు రాళ్ల కోసం బస్సులో ఫ్రాన్సుకు

వీసా లేదు, విమానం లేదు. 2006 ఫిబ్రవరిలో ఒక శుక్రవారం పొద్దున ఏడుంబావుకి షార్జా అవతలి సజ్జా నుంచి ఫ్రాన్సుకు బయలుదేరాను.

ఎవరూ కంగారుపడక్కర్లేదు. దుబాయ్ అవతల ఇసుకలో ఒక హోటలు వాళ్లు ఫ్రాన్సులోని చిన్న పల్లెటూరిని ఉన్నదున్నట్టు దింపుతున్నారు. రాళ్లు మా ఫ్యాక్టరీవి, డ్రాయింగులు నావి. ఊరి పేరు ఎవరికీ నోరు తిరగక అందరం ఫ్రాన్స్ అనేవాళ్లం. ఎనిమిది నెలలు గీసేసరికి ఆ ఊరు నాకు మా కాకినాడ కంటే బాగా తెలిసిపోయింది. గుట్ట భుజం మీద నలభై ఇళ్లు. ఉత్తరపు గాలికి వీపు తిప్పి, ఎండ కోసం దక్షిణానికి మొహం పెట్టి, ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. పైన చర్చి, మధ్యలో ఊరందరికీ కలిపి ఒకటే రొట్టెల పొయ్యి, దిగువన ఊట నీళ్లు పడేచోట బట్టలుతికే రేవు.

ఆ రేవుతోనే వచ్చింది చిక్కు. బుధవారం హోటలు నుంచి కాగితం వచ్చింది. రేవు రాళ్లు డ్రాయింగు కంటే రెట్టింపు ఎత్తున్నాయట, చేసినవాళ్లు వచ్చి చూసి కోసి వెళ్లాలట. మా ముదీర్, అంటే మేనేజరు, ఆ కాగితం నా బల్ల మీద విసిరికొట్టాడు. రాళ్లు చెక్కినవాడు రాజమల్లు. జగిత్యాల దిక్కు మనిషి, పదిహేనేళ్లుగా ఇక్కడే ఉలి పట్టాడు, ఆదివారం విమానంలో శాశ్వతంగా ఇంటికి వెళ్లిపోతున్నాడు. అడిగితే దాచలేదు.

“నేనే లేపిన సారు. కోసుడైతే నా కండ్ల ముందట్నే కోయుర్రి. నేను గూడ వస్త.”

శుక్రవారం పొద్దున ఇస్త్రీ చొక్కా తొడుక్కుని నాకంటే ముందే వ్యాన్ ఎక్కి కూర్చున్నాడు. ఎనిమిదిన్నరకు షార్జాలో దిగి, మలయాళీ హోటల్లో రెండేసి పరోటాలు, చాయ్ కానిచ్చాం. నాలుగు దిర్హాములే. తొమ్మిదింటికి దుబాయ్ బస్సు. అక్కడ దిగి టాక్సీ ఎక్కాక పఠాన్ డ్రైవరుకి గంభీరంగా “ఫ్రాన్స్ చలో భాయ్” అన్నాను. అతను అద్దంలోంచి మా ఇద్దరినీ పరికించి, “ఎయిర్‌పోర్ట్ ఉధర్ హై సాబ్” అన్నాడు. నవ్వాపుకోలేక నాకు పొలమారింది. రాజమల్లు మాత్రం నవ్వలేదు. ఒళ్లో ఉలి సంచి పట్టుకుని దారంతా కిటికీలోంచే చూశాడు.

పదకొండుకి కనిపించింది, నా ఫ్రాన్సు! ఇసుకను గుట్టగా పోసి దాని భుజం మీద ఊరిని కూర్చోబెట్టారు. రాని చలిగాలికి నలభై ఇళ్లూ బుద్ధిగా వీపు తిప్పుకుని ఉన్నాయి. కాగితం మీద గీసిన సందుల్లో కాళ్లతో నడవబోతున్నానని తలుచుకుంటే చంటిపిల్లాడిలా గంతులెయ్యాలనిపించింది. గేటు దగ్గర నేపాలీ కాపలాదారుకి కాగితం చూపిస్తుండగానే ఒక పెద్దావిడ గబగబా దిగివచ్చింది. ఫ్రాన్సులోని అసలు పల్లెటూళ్లో పుట్టిన మనిషి, పోలిక తేడా రాకుండా చూడ్డానికి పిలిపించారు.

“ఆ రేవు రాళ్లు చేసింది మీలో ఎవరు?” అంది ఇంగ్లీషులో.

నేను తెలుగులో చెప్పగానే రాజమల్లు మొహంలో నెత్తురు చుక్క లేదు. “నేనేనమ్మా” అన్నాడు.

రేవుకి తీసుకెళ్లింది. పెంకుల కప్పు కింద పొడవాటి తొట్టి, రాతి గొట్టంలోంచి ధారగా నీళ్లు, తొట్టి చుట్టూ ఏటవాలు రాళ్లు. నా డ్రాయింగులో అవి మోకాలి దిగువన ఉండాలి. టేపు పెట్టి చూస్తే నడుము దాకా ఉన్నాయి. తమ ఊళ్లో ఆడవాళ్లు గడ్డి పరిచిన చెక్కపెట్టెల్లో మోకాళ్ల మీద కూర్చుని ఉతికేవారని, అందుకే రాయి అంత కిందకి ఉంటుందని ఆవిడ చెప్పింది. చెప్పి, “మరి ఇతను ఎందుకు పెంచాడు?” అంది.

రాజమల్లు నావైపు తిరిగాడు. “మేం చాకలోళ్లం సారు. మా అవ్వ వంగి వంగి ఉతికి, ఆఖర్కి నడుము లేవక మంచంల పడ్డది. మీ బొమ్మల నిలబడే జాగ లేకపాయె. గింత కిందికుంటే ఆడోళ్ల నడుములు ఏంగావాలె? అందుకే లేపిన.”

వాళ్లమ్మ సంగతి నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ మెడలోని రుమాలు తీసి తొట్టిలో ముంచి, నిలబడే ఉండి ఆ రాతి మీద రుద్దడం మొదలుపెట్టింది. ఆ రుద్దుడు రాజమల్లు చూడలేకపోయాడు.

“గట్ల గాదమ్మా, ఇటియ్యి!”

రుమాలు లాక్కుని తలపైకెత్తి “హుష్ష్!” అంటూ ఒక్క బాదు బాదాడు. నీళ్లు ముగ్గురి మీదా చిందాయి. ఆవిడ కెవ్వున నవ్వి మళ్లీ బాదమంది, తనూ బాదింది, నేనూ బాదాను. ఈ గోల విని వచ్చిన కాపలాదారు బూట్లు విప్పి తన మేజోళ్లు కూడా తెచ్చాడు! అంత నవ్వు సజ్జాలో నేను ఏడాది మొత్తం మీద కూడా నవ్వి ఉండను.

ఒంటిగంటకు ఊరి పొయ్యిలో కాల్చిన రొట్టె, వాళ్ల జున్ను, అదే చీజ్, పెట్టింది. జున్ను వాసన చూసి “పాలిరిగినట్టున్నయి సారు” అని రాజమల్లు రొట్టెతో సరిపెట్టుకున్నాడు. భోజనమయ్యాక ఆవిడ నా దగ్గరున్న హోటలు కాగితం అడిగి, చేతిలోని రొట్టె పొడి దులుపుకుని రాసింది: “పోలిక తప్పు. మా అమ్మమ్మ మోకాళ్లు నాకు గుర్తున్నాయి. కోయవద్దు.” కింద సంతకం.

నేను చదివి వినిపించాను. రాజమల్లు ఆ రాతిని అరచేత్తో ఒకసారి నిమిరి, ఉలి సంచి భుజానికి తగిలించుకుని నడిచాడు.

టాక్సీలో దుబాయ్ చేరితే మూడున్నరకు తిరుగు బస్సు దొరికింది. పక్క సీట్లో కరీంనగర్ కుర్రాడు “యాడికెల్లి వస్తున్రు కాకా?” అని అడిగితే, పొద్దుట్నించీ నవ్వని మనిషి మీసం దువ్వి, “ఫ్రాన్స్ పోయొస్తున్నం” అన్నాడు.

నేను డ్రాయింగు తీసి ఒళ్లో పరిచి కొత్త ఎత్తు రాశాను. పక్కనే ‘మార్పుకు కారణం’ అనే గడి ఉంటుంది. మామూలుగా అందులో ‘సైటు కొలత’ అని రాస్తాం. పెన్ను పట్టుకుని రాజమల్లుని వాళ్ల అవ్వ పేరు అడిగాను.

“లచ్చవ్వ” అన్నాడు.

గడిలో అదే రాశాను.