హుస్సేన్‌బీ వేసిన మాట్లు

మడకశిరలో వెంకటలక్ష్మమ్మగారి బంగళాకు హుస్సేన్‌బీ కాపలా. ఆ కుటుంబం హైదరాబాదుకు మారినప్పుడు ఆమెను పిలిచి తాళాలిచ్చి, పెరట్లో ఒంటిగది చూపించి వెళ్లారు. అంతకుముందు ఆమె భర్త ఖాజా పీర్‌తో ఊరూరా తిరిగి పాత్రలకు కళాయి పూసేది, చిల్లుబిందెలకు తగరంతో మాట్లు వేసేది. ఆయన పోయాక కొలిమితిత్తి అటకెక్కింది గానీ, చిల్లు కనబడితే ఆమె చెయ్యి ఊరుకునేది కాదు. ఎదురింటివాళ్ల కోళ్లు నీళ్లు తాగే గిన్నెకు కూడా అడగకుండానే మాటు వేసి ఇచ్చింది.

అరవై మూడో సంవత్సరం వేసవిలో వెంకటలక్ష్మమ్మ తిరిగి వచ్చింది. ఆ సాయంత్రమే బెంగళూరు నుంచి వియ్యాలవారు వస్తున్నారు. ముంగిట పచ్చిక గోనెపట్టాలా ఎండిపోయింది. అందులో అక్కడక్కడా గొట్టాలు నిలబెట్టి, వాటి నెత్తిన ఇత్తడి మూతలు బిగించి ఉన్నాయి. కొళాయి తిప్పితే మూతల్లోంచి నీళ్లు తుంపర్లుగా చిమ్మాలి. గడ్డి ఒక్క పూటలో పచ్చబడదని ఆమెకూ తెలుసు. ఆ చిమ్మడమైనా వియ్యపురాలు చూడాలని ఆశ. తిప్పితే చుక్క రాలేదు.

పట్టించుకోక పాడుపెట్టావని హుస్సేన్‌బీని నిలబెట్టి కడిగేసింది. సాయంత్రానికి నీళ్లు చిమ్మకపోతే రేపే గది ఖాళీ చెయ్యమంది. హుస్సేన్‌బీకి వెళ్లడానికి మరో చూరు లేదు. పట్టించుకోలేదన్న మాట అంతకంటే ఎక్కువ గుచ్చుకుంది.

పంపులు బాగుచేసే దాసప్పను పిలిపించారు. ఇంజను ఆడుతోంది, తొట్టి నిండుగా ఉంది, గొట్టాలు ఎక్కడా పగల్లేదు. దాసప్ప మొదట కప్పల్ని అనుమానించాడు, తర్వాత వేపచెట్టు వేళ్లను. చివరికి విసిగి, కొళాయి కట్టకుండానే ఒక మూత ఊడదీశాడు. నీళ్లు లేచి అతని తలగుడ్డను గులాబీ ముళ్లలో పడేశాయి. తడిసిన ముఖంతోనే మూతను ఎండకు పెట్టి చూశాడు. ప్రతి చిల్లులోనూ నున్నగా తగరం.

"ఇది తుప్పు కాదమ్మా. ఎవరో కూర్చోని చేసిన పని" అన్నాడు.

"ఎవరో ఏంది, నేనే" అంది హుస్సేన్‌బీ. "అమ్మ హైదరాబాదుకు పోయినాక తిప్పి చూస్తే మూతల నిండా చిల్లులే. అన్నిటికీ మాటు వేసినా. అప్పట్నుంచి ఒగ బొట్టు కారిందేమో అడుగు."

"అక్కా, అవి చిమ్మడానికి పెట్టిన చిల్లులు."

"నీళ్లు మట్టిలో చిమ్మడానికా?"

"గడ్డికి."

"ఆ గడ్డి ఏ గొర్రె మేస్తాది?"

"ఏదీ మెయ్యదు. చూసుకోడానికి."

హుస్సేన్‌బీ అతనికి ఎండదెబ్బ తగిలిందేమోనని చూసింది. వెంకటలక్ష్మమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, వెంటనే ఆ మాట్లన్నీ తీసెయ్యమంది.

దాసప్ప మేకుతో పొడవబోతే హుస్సేన్‌బీ మూతలు లాక్కుంది. కొలిమితిత్తి దింపి, బొగ్గులు రాజేసి, ఒక్కొక్క మూతనూ కాచి తగరాన్ని దులిపేసింది. పొద్దు వాలేలోగా అన్నీ బిగించారు.

"ఇంక తిప్పు" అంది వెంకటలక్ష్మమ్మ.

హుస్సేన్‌బీ కొళాయి దగ్గరికి వెళ్లింది. చెయ్యి వేసింది, తీసేసింది. మళ్లీ తిప్పమంటే, తిరిగి వచ్చి తాళాల గుత్తి మెట్టు మీద పెట్టింది.

"మాట్లు తీయమంటివి, తీసినా. నీళ్లు నా చేత్తో పారబోయమంటే నా వల్ల కాదమ్మా. గది రేపు ఖాళీ చేస్తా."

దాసప్ప తలగుడ్డ చుట్టుకోవడం ఆపాడు. వెంకటలక్ష్మమ్మ గుత్తిని చూసింది. ఆమె కూడా ఈ ఊరి పిల్లే, చిన్నప్పుడు ఊటబావి దగ్గర బిందె పెట్టుకుని వంతు కోసం కూర్చున్న మనిషే.

"పట్టించుకోలేదన్నాను చూడు, ఆ మాట తప్పు" అంటూ గుత్తి తీసి హుస్సేన్‌బీ చేతిలో పెట్టింది. చీర కొంచెం ఎత్తి దోపుకుని, తనే వెళ్లి కొళాయి తిప్పింది.

బెంగళూరు వాళ్లు మెచ్చుకున్నారనే చెబుతారు. హుస్సేన్‌బీ చూడలేదు. గదిలోకి పోయి తలుపేసుకుని, నీళ్ల చప్పుడు ఆగేదాకా బయటికి రాలేదు.