బస్సక్క ఎడమచేతి రీలు

ఆమె సిటీ బస్సు డ్రైవరు. ఆ రూట్లో రోజూ ఎక్కేవాళ్ళంతా ఆమెను బస్సక్క అంటారు. డిపోలో మేనేజరుతో సహా అందరికీ బస్సక్కే. కట్టుకున్నవాడికి మాత్రం పెళ్ళాన్ని అక్కా అనడానికి నోరు రాదు కాబట్టి, ‘డ్రైవరమ్మా’ అని పిలుస్తాడు. ఆయనకు సందు చివర చిన్న బేకరీ ఉంది. మనిషి కూడా బాగా పొంగిన రొట్టెలాగే ఉంటాడు.

బస్సక్క తమ్ముడు ప్లంబరు. వారమంతా జనం ఇళ్ళలో నీళ్ళు కారకుండా చూసే ఆ పెద్దమనిషి, ఆదివారం వస్తే తన పడవేసుకుని నీళ్ళ మీద పడతాడు. ఏటా కొన్ని వారాల పాటు ట్యూనా చేపలు గుంపులు గుంపులుగా ఆ వైపు వస్తాయి. ఒడ్డు కనుమరుగయ్యేదాకా వెళ్ళి, పడవ వేగం తగ్గించి, రంగురంగుల ఎర బొమ్మలను వెనకాల నీళ్ళలో ఈడ్చుకుంటూ తిరుగుతారు. దాన్నే ట్రోలింగ్ అంటారు. పడవ వెనక భాగంలో బోల్టులు కొట్టి బిగించిన కుర్చీ ఒకటి ఉంది. చేప పడితే ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళే దానితో తేల్చుకోవాలి. చేతికి చిక్కినవాటిని వరసగా రెండు పోగొట్టుకున్నవాళ్ళు కుర్చీ దిగి స్టీరింగ్ దగ్గరికి పోవాలి. అది ఆ పడవ చట్టం.

కిందటి సీజన్లో బస్సక్క వరసగా రెండు చేపల్ని పోగొట్టుకుంది. ఆ తర్వాత సీజనంతా స్టీరింగే. వారమంతా స్టీరింగ్, ఆదివారమూ స్టీరింగ్. ఆమె జన్మలో ఇంతవరకు ఒక్క ట్యూనానూ పడవలోకి ఎక్కించలేదు.

కారణం అందరికీ తెలిసిందే. ఆమెది ఎడమచేతి వాటం. తమ్ముడి గాలం కర్రకు బిగించిన, దారం చుట్టే రీలుకు పిడి కుడివైపు ఉంటుంది. ట్యూనా మామూలు చేప కాదు, తగులుకుందంటే లారీలా లాగుతుంది. అది లాగినంతసేపు లాగి, అలిసిన క్షణం చూసి దారం గబగబా చుట్టుకోవాలి. సరిగ్గా ఆ సమయానికే ఆమె కుడిచెయ్యి చచ్చుబడిపోయేది. దారం వదులైందంటే చేప గాలం ఊడగొట్టుకుని చక్కా పోతుంది.

ఈ ఏడు చేపలు కనిపిస్తున్నాయని కబురు తెలియగానే తమ్ముడు బేకరీకి వచ్చాడు.

“అక్కా, ఈసారి కూడా స్టీరింగ్ నీకే. నువ్వు తిప్పితే పడవలో గ్లాసులో నీళ్ళు కూడా తొణకవు.”

“వెన్న బావ దగ్గర చాలా ఉంది, నువ్వు తెచ్చి పూయక్కర్లేదు,” అంది బస్సక్క. “నా చేతికి తగ్గ రీలు నేనే తెచ్చుకుంటా. మొదటి చేప నాది.”

“తెచ్చుకో! ఎక్కించావా, సీజనంతా కుర్చీ నీది. పోగొట్టావా, సీజనంతా స్టీరింగ్. మళ్ళీ నోరెత్తకూడదు. బావా, నువ్వే సాక్షి. ఇంతకీ నువ్వు ఎవరి పక్షం?”

“రోజూ రాత్రి ఇంటికి పోవాల్సినవాణ్ణిరా,” అన్నాడు బావ, పిండి చేతులు దులుపుకుంటూ. “మీ అక్క పక్షమే.”

గాలాల కొట్టు మార్కెట్టు వెనక సందులో ఉంది. మొగుడూ పెళ్ళాలిద్దరూ అక్కడికి వెళ్ళారు. కొట్టాయన బక్కపలచటి మనిషి. ముక్కు మీద ఒక కళ్ళజోడు, నుదుటి మీద ఇంకొకటి. సముద్రపు రీళ్ళు అనగానే అద్దాల బీరువాలోంచి నల్లగా నిగనిగలాడే రీలు తీసి గుడ్డ మీద పెట్టాడు.

“రెండు గేర్లమ్మా ఇది. చేప దూరంగా ఉంటే ఒకటి, కిందికి దిగి మొండికేస్తే ఇంకొకటి.”

గేర్లంటే బస్సక్కకు మనసు లాగింది. అయితే పిడి కుడివైపు.

“ఎడమచేతిది లేదా?”

“ఇంత పెద్దవాటిలో ఎడమచేతివి అరుదమ్మా. అడిగేవాళ్ళేరీ?”

బస్సక్క చూపు కిటికీ దగ్గర ఆగింది. అక్కడ బంగారు రంగు పెచ్చులూడిన లావాటి రీలొకటి, ఎగిరిపోకుండా ప్రకటన కాగితాల మీద బరువుగా కూర్చునుంది. పిడి ఎడమవైపు!

“అదా?” కొట్టాయన ఇబ్బందిపడ్డాడు. “మా నాన్న తెప్పించాడు. నేను పెద్దవాణ్ణయ్యాను గానీ అది అమ్ముడుపోలేదు. ఒకటే గేరు. చేతికి బరువు కూడాను.”

“చేతిలో ఎక్కడుంటుందండీ? కర్ర కుర్చీకి ఆనించే కదా ఉంటుంది,” అంది బస్సక్క. రెండూ చేతుల్లోకి తీసుకుని తిప్పి చూసింది. ఏదీ తేలలేదు. రీలుకు ప్రాణమంతా బ్రేకులో ఉంది. చేప లాగినప్పుడు బ్రేకు పూర్తిగా పట్టేస్తే దారం తెగుతుంది, పూర్తిగా వదిలేస్తే దారమంతా చేపే పట్టుకుపోతుంది. పట్టీ పట్టనట్టు, కుదుపు లేకుండా ఉండాలి. “నిలబడ్డ బండి బ్రేకు చూసి ఏం చెప్తాం? బండి కదలాలి,” అంటూ మొగుడి వైపు తిరిగింది. “ఏమండీ, సైకిలు తెచ్చారుగా?”

ఆయనకు విషయం అర్థమయ్యేసరికి, దారం కొస సైకిలు వెనక క్యారియర్‌కి ముడిపడిపోయింది.

సందు మొదట్లో బస్సక్క స్టూలు మీద కూర్చుని, నల్ల రీలు బిగించిన కర్ర తొడల మధ్య ఆనించుకుంది. “పోనివ్వండి!” అనగానే బేకరీ ఆయన తొక్కాడు. రీలు కీచుమంటూ వెన్నలా దారం వదిలింది. బట్టలు ఆరేస్తున్నవాళ్ళు బాల్కనీల్లోంచి తొంగిచూశారు.

“ఏమైంది, ఆయన పారిపోతున్నాడా?” అని ఒకావిడ కేకేసింది.

“పోనీలెండి, మళ్ళీ చుట్టుకుంటా!” అంది బస్సక్క.

అదే కుదరలేదు. సందు సగం దాకా సైకిలును వెనక్కి లాగేసరికి కుడిచెయ్యి మొరాయించింది. నడిమధ్య చిక్కుపడిన చేపకు ఎవరో కిటికీలోంచి గ్లాసుడు టీ అందించారు. చేప సైకిలు దిగకుండానే తాగింది.

తర్వాత బంగారు రీలు. ఈసారి బేకరీ ఆయన ఊపుగా బయల్దేరాడు. బ్రేకు ముందు బిర్రబిగుసుకుంది. ఆయన లేచి నిలబడి తొక్కాడు. దాంతో బ్రేకు ఒక్కసారిగా వదిలేసింది. సైకిలు, మనిషి కలిసి ఫర్నిచర్ కొట్టు ముందు పేర్చిన ఖాళీ అట్టపెట్టెల్లోకి దూసుకుపోయారు.

“ఏమండీ, దెబ్బ తగిలిందా?”

“దెబ్బ లేదు గానీ డ్రైవరమ్మా, ఈ బ్రేకుతో నువ్వు బస్సు నడిపితే ఒక్కడూ టిక్కెట్టు కొనడు!”

అయితే ఆమె రీలు చుట్టడం మొదలుపెట్టగానే సందంతా చూస్తుండిపోయింది. ఎడమచెయ్యి ఇంజనులా తిరిగింది. మీద అట్టముక్కలు అంటుకున్న మొగుడూ, ఆయన సైకిలూ ఎక్కడా ఆగకుండా ఆమె కాళ్ళ దగ్గరికి వచ్చి చేరారు.

బస్సక్క ఆలోచనలో పడింది. ఒకదానికి బ్రేకు బాగుంది, చెయ్యి కుదరలేదు. ఇంకోదానికి చెయ్యి కుదిరింది, బ్రేకు బాగాలేదు. బ్రేకునైతే బాగుచేయించవచ్చు. ఈ వయసులో చెయ్యి మార్చుకోవడం అయ్యే పని కాదు.

“దీన్ని విప్పండి,” అంది.

కొట్టాయన నుదుటి మీది కళ్ళజోడు ముక్కు మీదికి, ముక్కు మీది కళ్ళజోడు నుదుటి మీదికి మార్చుకుని రీలు విప్పాడు. లోపల బ్రేకు పలకల మీద గ్రీజు ఎండి అట్టకట్టింది. పలకలు బాగానే ఉన్నాయి. కిరసనాయిలు గుడ్డతో తుడిచి, కొత్త గ్రీజు పలచగా రాసి బిగించాడు. పని చేస్తున్నంతసేపూ ఆయన ముఖం వెలిగిపోతూనే ఉంది. “మా నాన్న ఉంటే మీకు స్వీట్లు పెట్టేవాడమ్మా,” అన్నాడు.

ఇంకోసారి చేప కావడానికి బేకరీ ఆయన ససేమిరా అన్నాడు. మూడురోజులు బేకరీ గిన్నెలు తనే కడుగుతానని ఆమె మాటిస్తే సైకిలెక్కాడు. ఈసారి రీలు మొదటి అడుగు నుంచి చివరిదాకా ఒకే రాగం తీసింది. బాల్కనీలు చప్పట్లు కొట్టాయి.

ఆదివారం పడవలో ఆ రీలు చూసి తమ్ముడు పొట్ట పట్టుకుని నవ్వాడు. “ఏ మ్యూజియంలోంచి ఎత్తుకొచ్చావక్కా?”

“నవ్వు. నవ్వుతూనే స్టీరింగ్ పట్టుకో.”

ఎండ నెత్తికెక్కేదాకా ఏమీ తగల్లేదు. ఆమె అరచేతులు చెమటపట్టి, ఆరి, మళ్ళీ పట్టాయి. అంతలో ఎవరో లాక్కున్నట్టు కర్ర కొస వంగింది. రీలు అరిచింది. దారం నీళ్ళను కోసుకుంటూ పోయింది.

“లాగకక్కా, పోనీ! ఎడమ పక్కకి చూడు! నడుం ఆనించు! చుట్టు! వద్దు వద్దు, చుట్టకు!”

“బస్సులో డ్రైవరుతో మాట్లాడకూడదని రాసుంటుంది. ఇక్కడ డ్రైవరే నోరు మూయడేంట్రా!”

బావ కిసుక్కున నవ్వి, ఆమె కుర్చీ వీపును గట్టిగా పట్టుకున్నాడు. చేప మెల్లగా అలిసింది. ఆమె చుట్టింది. అది మళ్ళీ పరుగెత్తింది. బ్రేకు జంకలేదు. కిందటేడు చెయ్యి పడిపోయిన చోటు వచ్చింది, దాటింది. చివరికి పడవ దగ్గరికొచ్చిన చేప ఉన్నట్టుండి పడవ కిందికి దూరింది. దారం అంచుకు రాసుకుందంటే అంతే సంగతులు.

“తమ్ముడూ, కుడికి!”

ఆ ఒక్కసారీ అతను మారుమాట్లాడలేదు. పడవను ఒడుపుగా తిప్పాడు. దారం అంచుకు తగలకుండా పక్కకు జరిగింది. బేకరీ ఆయన కొక్కెం కర్రతో వంగాడు. మరుక్షణం నీలంగా మెరిసే చేప పడవ చెక్కల మీద దబదబా కొట్టుకుంటోంది. బస్సక్క కుర్చీలోంచి లేవలేదు. పగలబడి నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ అలాగే కూర్చుంది.

చేపను ఐసులో సర్దారు. ఎరలు మళ్ళీ నీళ్ళలో పడ్డాయి. ఆమె మంచినీళ్ళకని లేచిందో లేదో, తమ్ముడు స్టీరింగ్ బావకు అప్పగించి వచ్చి కుర్చీలో చతికిలబడ్డాడు.

“ఒక్క నిమిషమే అక్కా. రీలెలా ఉందో చూద్దామని.”

సరిగ్గా అప్పుడే కర్ర మళ్ళీ వంగింది. అతని కుడిచెయ్యి అలవాటు కొద్దీ పిడి కోసం వెళ్ళి గాలిలో గుండ్రంగా తిరిగింది. ఎడమచేత్తో పట్టుకుని తిప్పబోతే రెండు చుట్లకే పిడి జారింది.

“అక్కా! ఇదేం రీలే! రా, తొందరగా రా!”

“అలా మర్యాదగా అడుగు,” అంటూ ఆమె వచ్చి కూర్చుంది. ఎడమచెయ్యి పిడి మీద పడగానే రీలు దారికొచ్చింది. కాసేపటికి తల తిప్పకుండానే అడిగింది.

“ఎండ ఒకసారి ముఖం మీద, ఒకసారి వీపు మీద పడుతోందేంటి? పడవ గుండ్రంగా తిరుగుతోందా?”

“నాకు చేతనైంది బన్నుల్లా గుండ్రంగా తిప్పడమే కదా డ్రైవరమ్మా!” అని ముందు నుంచి బావ కేక వినిపించింది.

తమ్ముడు స్టీరింగ్ దగ్గరికి పరుగెత్తాడు.