ఆల్చిప్పెడు ఉప్పు

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా కోడలు వడ్డించిన టమాటా పప్పు మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే నా చెయ్యి ఆగిపోయింది. పప్పులో ఉప్పు లేదు. మావారికి బీపీ ఉందని డాక్టరు చెప్పిన దగ్గర్నుంచీ ఇంటిల్లిపాదీ ఉప్పు మానెయ్యాలని ఆ పిల్ల తీర్మానించుకుందట. ఆయన బుద్ధిమంతుడిలా తలొంచుకుని తినేస్తున్నారు. నేను మాత్రం కుర్చీలో కుదురుగా కూర్చోలేక, గబగబా వంటగదిలోకి వెళ్ళి, ఉప్పు జాడీలో ఎప్పుడూ ఉండే ఆల్చిప్పతో నా వంతు ఉప్పు తెచ్చుకుని కంచం అంచున పోసుకున్నాను. చెయ్యి వణికి కొంత బల్ల మీద పడింది. కోడలు చూసి, "అదేంటత్తయ్యా, చిన్నపిల్లలా!" అని నవ్వింది. నవ్వదూ మరి? ఈ ఆల్చిప్ప వెనక ఏముందో ఆ పిల్లకి అప్పటిదాకా నేను చెప్పలేదు. ఆ పప్పు తిన్న దగ్గర్నుంచీ మనసు ఒకచోట నిలవడం లేదు కనుక, ఆ రోజులు ఎరిగిన నా ఈడు వాళ్ళకి చెప్పుకుంటున్నాను.

తొంభైల నడుమ నాకు పెళ్ళయి బందరులో కాపురం పెట్టాం. మచిలీపట్నం అని బస్సు బోర్డుల మీద రాసుకునేవారు గానీ మాకెప్పుడూ అది బందరే. మాది దివిసీమలో నాగాయలంక అవతల, సముద్రం గాలి తగిలే పల్లె. అమ్మ చేపలు ఉప్పు పట్టి ఎండబెట్టి సంతల్లో అమ్మేది. ఆ ఉప్పు చేపల మధ్య పెరిగిన నేను, చిలకలపూడి వైపు గిల్టు నగల పనిలో చేరి రాళ్ళు పొదగడం నేర్చుకున్నాను. చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ముందున్న పొట్టి బల్ల మీదకి వంగి, గోధుమగింజలో సగం ఉండే ఎర్రరాయిని చిన్న పట్టకారుతో పట్టుకుని, నెక్లెస్ గుంటలో కూర్చోబెట్టి అంచు నొక్కాలి. ఊపిరి బిగబట్టి చేసే పని అది. తల తిప్పితే రాయి ఎగిరిపోతుంది. మా షాపు యజమానురాలిని అందరం అక్కగారనే వాళ్ళం. ఆవిడ ఎవరినీ మెచ్చుకోదు, కానీ పెళ్ళి సెట్లు వచ్చినప్పుడు మాత్రం నా బల్ల దగ్గరికే తెచ్చి పెట్టేది. నాకంత గర్వం ఇంకే విషయంలోనూ లేదు. రంగులో, చదువులో, కట్నకానుకల్లో వెనకబడ్డ దాన్ని, చేతుల్లో మాత్రం కాదు.

ఒక ఏడాది వానాకాలంలో నాకు నిద్ర రావడం మానేసింది. నిద్ర రాకపోతే బాధపడాలి కదా, నాకు మహా సంబరంగా ఉండేది. ఎంత పని చేసినా అలుపు లేదు, మాటలకి అడ్డూ ఆపూ లేదు, ఇరుగుపొరుగు వాళ్ళకి చీరలు పంచిపెట్టాను, మంగినపూడి బీచి దాకా నడుచుకుంటూ వెళ్ళి వచ్చాను. తర్వాత చలికాలం వచ్చేసరికి మంచం మీదనుంచి లేవలేక గోడ వైపు తిరిగి పడుకున్నాను. దిష్టి అన్నారు, గాలి సోకిందన్నారు. చివరికి గుడివాడలో ఉన్న మా ఆడపడుచు ఎవరినో కనుక్కుని, వారానికోసారి బెజవాడ నుంచి వచ్చే మనసు జబ్బుల డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళింది. బందరులో అయితే తెలిసిన వాళ్ళు చూస్తారని భయం. ఎవరడిగినా ఆడపడుచు ఇంటికి చుట్టపు చూపుగా వెళ్తున్నామని చెప్పేవాళ్ళం. డాక్టరుగారు లిథియం బిళ్ళలు రాశారు, అప్పుడప్పుడూ రక్తపరీక్ష చేయించుకోమన్నారు. మనసు మెల్లగా ఒక దారికి వచ్చింది. అది మటుకు నిజం, ఆ బిళ్ళల పుణ్యమే.

కానీ వాటితో వచ్చిన బాధలు ఎవరికి చెప్పుకోను! దాహం. చెరువంత నీళ్ళు తాగినా తీరని దాహం. ఆ రోజుల్లో ఇప్పట్లా చేతికో సీసా పట్టుకుని తిరిగే అలవాటు లేదు. నేను హార్లిక్స్ సీసా నిండా నీళ్ళు పోసుకుని సంచీలో పెట్టుకుంటే, అమృతం దాచుకున్నావా అని షాపులో ఆటపట్టించేవాళ్ళు. తాగిన నీళ్ళు ఊరుకుంటాయా? బందరు నుంచి గుడివాడకి బస్సులో వెళ్తుంటే, గుడ్లవల్లేరు దగ్గర దింపమని కండక్టరుని బతిమాలడం, ఆడదాన్ని ఎక్కడికని వెళ్ళను, అదో నరకం. నోట్లో ఎప్పుడూ గిల్టు గాజు చప్పరించినట్టు ఒక రుచి. ఒళ్ళు చూస్తుండగానే లావైంది, జాకెట్లన్నీ కుట్లు విప్పుకోవాల్సి వచ్చింది. వీధి కుళాయి దగ్గర పెద్దావిడలు నా పొట్ట వైపు చూసి, "ఏమ్మా, విశేషమా?" అని అడిగేవారు. లేదండీ అని చెప్పీ చెప్పీ విసిగిపోయి, ఒకసారి, ఏనుగుపిల్లని కంటున్నానండీ అన్నాను. ఆవిడ మళ్ళీ నాతో మాట్లాడలేదు.

ఇవన్నీ భరించవచ్చు. చేతులు వణకడం మాత్రం భరించలేకపోయాను. టీ గ్లాసు అందుకుంటే గలగలలాడేది. పట్టకారు చివర రాయి జలదరించి ఎక్కడికో ఎగిరిపోయేది, షాపంతా చాప దులిపి నేల మీద వెతికేవాళ్ళు. దాచుకోవడానికి మోచేతులు బల్లకి అదిమిపెట్టి పని చేసేదాన్ని. కాళ్ళు కూడా ఒకచోట ఉండేవి కావు. కూర్చుంటే లేవాలని, లేస్తే నడవాలని, నడిస్తే కూలబడాలని. పెళ్ళి సెట్లు పక్క బల్ల మీదకి వెళ్ళడం మొదలైంది. బిళ్ళ మింగితే చెయ్యి పోతుంది, మానితే మనసు పోతుంది. ఏది వదులుకోవాలో తెలియక, ఎండాకాలంలో కొన్నాళ్ళు సెలవు పెట్టి అమ్మ దగ్గరికి వెళ్ళాను.

అమ్మకి నా జబ్బు పేరు నోరు తిరగలేదు, కానీ మందు పెద్దదని మాత్రం బాగా అర్థమైంది. మన ఇళ్ళల్లో మీకు తెలియనిదేముంది, మందు ఉందంటే పథ్యం ఉండాల్సిందే. పథ్యం లేని మందు మందే కాదు. ఆయుర్వేదమైనా, ఇంగ్లీషు మందైనా, నాటు వైద్యమైనా మా అమ్మకి ఒకటే లెక్క. పైగా నా దాహమూ, ఉబ్బిన మొహమూ చూసి ఇదంతా ఉప్పు చేసిన పనేనని తేల్చేసింది. "అంత పెద్ద మందు మింగుతా ఉప్పూ పులుపూ తింటే మందు ఇరిగిపోద్దే" అని చప్పిడి అన్నం, చప్పిడి బీరకాయ పెట్టింది. నీళ్ళు కూడా గ్లాసు చూసి పోసేది, ఎక్కువ తాగితే మందు పలచబడిపోతుందట. పెరట్లో ఉప్పు బస్తాలు, తాళ్ళ మీద ఉప్పు చేపలు, గాలి నిండా నెత్తళ్ళ వాసన. నా కంచంలో మాత్రం ఉప్పుగల్లు లేదు. ఆశగా ఒక ఎండుచేప ముక్క తుంచుకోబోతే చేతి మీద కొట్టింది. తను కూడా నాతోపాటు చప్పిడే తినేది, నాకు బాధ తెలియకూడదని. ఆ ప్రేమకి ఎదురు చెప్పేటంత బుద్ధి నాకెక్కడిది? డాక్టరుగారు ఉప్పు గురించి ఏదో అన్నారని లీలగా గుర్తు, కానీ అప్పుడు నా ధ్యాసంతా నా చేతుల మీదే.

దివిసీమ ఎండల సంగతి మీకు తెలుసు కదా, కూర్చున్న చోటే చెమట కాలవ కడుతుంది. కొద్ది రోజులకే వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. సన్నగా ఉన్న వణుకు కాస్తా చేతులు కొట్టుకునే దాకా వచ్చింది. గడప దాటబోయి తూలి పడ్డాను. మాట ముద్దముద్దగా వస్తుంటే వాకిట్లో నిలబడ్డ వాళ్ళు కల్లు తాగిందేమోనని గుసగుసలాడారు. అమ్మ వాళ్ళని కసిరి, చేపలకి ఐసు తెచ్చే వ్యానులో నన్ను పడుకోబెట్టి, అవనిగడ్డ, చల్లపల్లి, పామర్రు మీదుగా గుడివాడ తీసుకొచ్చింది. దారి పొడవునా ఖాళీ ఐసు పెట్టెలు ఒకదానికొకటి కొట్టుకుంటుంటే అవి నా పళ్ళే అనుకున్నాను.

అదృష్టం, అది డాక్టరుగారు వచ్చే రోజు. నన్ను చూస్తూనే రక్తం తీయించి, "ఏం పెట్టారమ్మా అమ్మాయికి?" అని అడిగారు. అమ్మ మెచ్చుకుంటారనే అనుకుంది. "పథ్యం కూడేనండీ. ఉప్పుగల్లు తగలనిత్తే ఒట్టు" అంది. ఆయన తల పట్టుకున్నారు. తర్వాత కోపం దిగమింగి నెమ్మదిగా చెప్పారు: ఒంట్లో ఉప్పూ నీరూ తగ్గితే ఈ మందు బయటికి పోక లోపలే పేరుకుని విషమవుతుంది, అందుకే ఉప్పూ నీళ్ళూ రోజూ ఒక్కలాగే ఉండాలి, పెంచకూడదు, తగ్గించకూడదు. నర్సు నా చేతికి సెలైను పెడుతుంటే అమ్మ ఆ సీసాలో ఏముందని అడిగింది. ఉప్పునీళ్ళేనమ్మా అంది నర్సు. అమ్మ మంచం కోడు పట్టుకుని నేల మీద కూలబడి, ఎవరితోనో తెలియకుండా, "ఇల్లంతా ఉప్పేనండీ మాది" అంది. నేను చాలాసార్లు ఏడ్చాను గానీ, ఆ మాటకి వచ్చిన ఏడుపు వేరు.

బిళ్ళలు కొన్నాళ్ళు ఆపేశారు. తేరుకుని బందరు వచ్చి షాపులో కూర్చున్న రోజు, పట్టకారు చివర రాయి కదలకుండా నిలబడింది. గుంటలో పెట్టి నొక్కాను, కూర్చుంది. ఇంకోటి, ఇంకోటి. ఎంత ఆనందమో చెప్పలేను. సాయంత్రానికి ఒక నెక్లెస్ పూర్తిచేసి లేచాను. కానీ ఇంటికి నడుస్తుంటే అడుగులు వడివడిగా పడుతున్నాయి, దారిలో కనబడ్డ ప్రతివాళ్ళతోనూ ఏదో ఒకటి చెప్పాలనిపిస్తోంది, ఆకలి లేదు, అలుపు లేదు. ఆ సంబరాన్ని నేను గుర్తుపట్టాను. ఎరిగిన దొంగ మళ్ళీ వాకిట్లో నిలబడ్డట్టే. అప్పటికే డాక్టరుగారు రక్తం మళ్ళీ చూసి, మోతాదు తగ్గించి మొదలుపెట్టమని బిళ్ళలు మావారికి ఇచ్చి పంపారు. మావారు వాటిని తెచ్చి నా ముందు బల్ల మీద పెట్టారు. నేను నా రెండు చేతులూ కాసేపు చూసుకుని, బిళ్ళ వేసుకున్నాను.

మర్నాడే అక్కగారి దగ్గరికి వెళ్ళి, రాళ్ళు పొదగడం నావల్ల కాదండీ, ఇంకేదైనా పని ఇవ్వండని అడిగాను. ఆవిడ కిటికీ పక్కన తెల్లగుడ్డ పరిచి, ఎర్రల్లో ఎరుపులు, పచ్చల్లో పచ్చలు ఏరి జతలు కలిపే పని ఇచ్చింది. దానికి వణుకు అడ్డురాదు. పదిహేనేళ్ళ పైనే చేశాను. పొదిగే బల్ల వైపు చూసినప్పుడల్లా ముల్లు గుచ్చుకున్నట్టే ఉండేది, ఆ మాట దాచుకోను.

నేను మళ్ళీ బిళ్ళలు మొదలుపెట్టాక వచ్చిన సంతకి అమ్మ చేపల బుట్టతోపాటు ఈ ఆల్చిప్ప తెచ్చింది. ఒడ్డున ఏరి, అంచు బండ మీద నున్నగా అరగదీసింది. పొద్దున ఇంత, సాయంత్రం ఇంత, పండగైనా పబ్బమైనా ఇంతే అని కొలిచి చూపించింది. పథ్యం వదలడం ఆవిడ తరం కాదు కదా, ఉప్పు మానే పథ్యం పోయి ఉప్పు తినే పథ్యం వచ్చింది. ఆ తర్వాత బందరు ఎప్పుడొచ్చినా, బుట్ట దించకముందే నా చేతులు చాపించి చూసేది. కాస్త ఎక్కువ వణికితే, "ఉప్పు తిన్నావా? నీళ్ళు తాగావా? గుడివాడెప్పుడెళ్ళావు?" అని నిలదీసేది. పోయే ముందు మంచాన పడ్డప్పుడు కూడా, నా మొహం సరిగా ఆనకపోయినా, నా వేళ్ళు తన అరచేతిలో పెట్టుకుని వణుకు చూసుకునేది.

ఆ ఆదివారం సాయంత్రమే ఇదంతా కోడలికి చెప్పేశాను. ఆ పిల్ల బెదరలేదు, ఫోను తీసి క్షణంలో చదివేసి, "నిజమే అత్తయ్యా, ఉప్పు తగ్గిస్తే మీకు ప్రమాదమట. రేపట్నుంచి మావయ్యగారికి విడిగా వండుతాను" అంది. మేము ఐసు వ్యానులో పడి గుడివాడ దాకా వెళ్ళి నేర్చుకున్న సంగతి ఇప్పుడు అరచేతిలో ఉంది, సంతోషమే. ఫోను పక్కన పెట్టి, "మీ చేతులు వణికేది వయసు వల్ల అనుకున్నాను" అంది. ఆ పిల్ల తప్పేముంది, అందరూ అలాగే అనుకుంటున్నారు. ఆ రోజుల్లో ఎవరూ నా చేతుల వైపు చూడకుండా ఉంటే బాగుండునని కొంగులో దాచుకునేదాన్ని. ఇప్పుడు జుట్టు నెరిసింది, చేతులు బాహాటంగానే వణుకుతున్నాయి, ఎవరూ చూడరు. ఎవరైనా ఇంటికొస్తే, అమ్మకి చూపించిన అలవాటుతో ఇప్పటికీ ముందు చేతులే చాపుతాను. వాళ్ళు నమస్కారం అనుకుని తిరిగి దణ్ణం పెడతారు.