సెమీఫైనల్‌కి పోయే బస్సు

సాయంత్రం అనంతపురంలో మా రాప్తాడు ఫుట్‌బాల్ జట్టు ఆట చూసి ఇంటికి బస్సెక్కాను. మళ్ళీ డ్రా. లీగ్ సగం అయిపోయింది, మేము ఐదో స్థానంలో ఉన్నాం. సెమీఫైనల్‌కి వెళ్ళేవి మొదటి నాలుగు జట్లే.

కిటికీ పక్కన కూర్చుని, మిగిలిన మ్యాచ్‌లన్నీ మనసులో ఒక్కొక్కటే ఆడించుకున్నాను. మోకాలు దెబ్బతిన్న మా గోల్‌కీపర్ కోలుకున్నాడు. గాలివాటున వచ్చిన బంతిని మా ఫార్వర్డ్ తలతో గోల్‌లోకి నెట్టాడు. బయట వేరుశనగ చేల మీద ఎర్రటి ఎండ వాలుతోంది.

ఎవరో భుజం తట్టారు. చూస్తే కండక్టర్.

"యాడ దిగల్లప్పా నువ్వు?"

"సెమీఫైనల్లో," అన్నాను.

బస్సంతా నవ్వింది. రాప్తాడు దాటి చాలాసేపయిందట. సిగ్గుపడుతూ లేచి మా జట్టు సంగతి చెప్పాను. ఆయన విజిల్ వేసి బస్సు ఆపించాడు.

"మాది తాడిపత్రి. పట్టికలో అందరికన్నా కింద ఉండేది మేమే. అయినా మేమూ ఆడికే పోతాండామప్పా," అన్నాడు.

చల్లగాలిలో వెనక్కి నడిచి ఇల్లు చేరాను. దారిలో ఫైనల్ కూడా ఆడేశాం. ఎదుటి జట్టు తాడిపత్రే. ఎవరు గెలిచారో మాత్రం ఇంకా తేల్చుకోలేకపోతున్నా. మీరైతే ఎవర్ని గెలిపిస్తారు?