కళ్ళు చూసి పట్టేస్తానన్నాను

గుమ్మడిదల దగ్గరి మందుల కంపెనీలో నేనూ మా ఇంటామే ఒకే షిఫ్టు. లోపల టోపీ, మాస్కు, తెల్ల గౌను వేసుకున్నాక మనిషికి మిగిలేవి కళ్ళే. చిన్నప్పుడే బడి మానేసిన నేను శ్రద్ధగా చదివింది ఆ కళ్ళనే. అందుకే నాకు నచ్చిన హీరోయిన్ సినిమాల్లోనూ కళ్ళే చూస్తాను, చూసింది ఫోనులో రాసుకుంటాను. ప్రేమ సినిమాలో పెదవులకన్నా ముందు కళ్ళు నవ్వాయి. పోలీసు సినిమాలో రెప్పే వేయలేదు.

ఈమధ్య ఆమె దయ్యాల సినిమా వచ్చింది. ఏ వేషంలో ఉందో చివరిదాకా చెప్పరట.

"కండ్లు సూసి చిటికెల గుర్తువడుత. ఓడితే వారం దినాలు మన అన్నం డబ్బాలు నేనే కడుగుత" అని మా ఇంటామెతో పందెం కాశాను.

పటాన్‌చెరు థియేటర్లో తెల్లకళ్ళ దయ్యం కనబడగానే "గదే!" అని అరిచాను.

"కాదు. గా ముసల్దాన్ని సూడు. మల్లేటప్పుడు ముందుగాల భుజం తిప్పుతది. పోలీసు సినిమాల గూడ గట్లనే" అంది మా ఇంటామె.

చివర్లో ముసలమ్మ విగ్గు తీసింది. ఆమే!

"నీకెట్ల తెలిసిందే?"

"కంపెనీల నిన్ను కండ్లు సూసి గుర్తువడుతున్ననా ఏంది? నడక సూసి. బాతు లెక్క నడుస్తవ్."

ఆ రోజే డబ్బాలు కడుగుతూ, ఆ హీరోయిన్ మొదటి సినిమా ఫోనులో మళ్ళీ పెట్టాను. నిజమే, అప్పుడు కూడా భుజమే ముందు తిరిగింది.