కొత్తపల్లి అనే పేరు

నేను సర్వే ఆఫీసులో పనిచేసే రోజుల్లో, గనిలో ఒక యంత్రం బిగించడానికి జర్మనీ నుంచి ఇంజనీరు వచ్చాడు. ఆయన ఊరు నోయ్‌డార్ఫ్. నోయ్ అంటే కొత్త, డార్ఫ్ అంటే పల్లె అని టీ తాగుతూ చెప్పాడు. మాది కొత్తపల్లి, అయితే మనది ఒకే ఊరన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ సాయంత్రం డైరీలో రాసుకున్నాను. తర్వాత నిఘంటువులు చూసి మిగతావి చేర్చాను. డచ్చివాళ్లకు అది డోర్ప్. ఇంగ్లండులో పాత ఊళ్ల పేర్ల చివర థోర్ప్. స్వీడన్‌లో టోర్ప్ అంటే పల్లె కాదు, కాస్త పొలం ఉన్న చిన్న ఇల్లు. ఎప్పుడో పోయిన గోతిక్ భాషలో ఆ మాటకు పొలమనే అర్థం.

మా కొత్తపల్లి ఓపెన్‌కాస్టు గని తవ్వకంలోకి పోయింది. మాతోపాటు మరో రెండు ఊళ్లవాళ్లను తెచ్చి ఈ కాలనీలో పెట్టారు. వచ్చిన రెండో ఏడు నా భార్య పోయింది. ఇంట్లో కొత్తపల్లి అన్న మాట అప్పటి నుంచి వినపడలేదు. మొన్న బస్టాపు బోర్డుకు పేరు తేల్చాలని పెద్దమనుషులు పిలిస్తే, కనీసం రోడ్డు మీదైనా అది ఉండాలని వెళ్లాను.

నాకు తెలిసినదంతా వరుసగా చెప్పాను. అన్ని దేశాల్లో నిలిచిన పేరును మనమెందుకు వదలాలని అడిగాను.

"కాకా, బస్సు ఆపనీకె జర్మనీ దాంక పోవాల్నా?" అన్నాడు ఒక ఆటో అతను.

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. పక్క ఊరాయన మాత్రం నవ్వలేదు. మీ పేరు పెడితే మా పేరు ఎటు పోవాలని మెల్లగా అడిగాడు. చివరికి ఈ ప్రాంతంలో ఎప్పుడూ చేసేదే చేశారు, దగ్గరలోని గని పేరు పెట్టారు. గనిని మేం బాయి అంటాం. మూడో బాయి మూతపడి చాలా ఏళ్లయింది. అయినా ఏ ఊరివాళ్లకూ కోపం రాని పేరు అదొక్కటే.

వస్తుంటే మా ఊరి అవ్వ ఒకామె ఆ స్వీడన్ మాట పట్టుకుని నా వెంట నడిచింది.

"ఒక్క ఇల్లుంటె గూడ ఆ దేశంల ఊరంటరా, కొడుకా?"

"ఊరనరు అవ్వా. మాట అదే, ఇల్లనే అంటరు."

ఆమె తన సందులోకి మళ్లింది.

నిన్న దవాఖాన నుంచి షేర్ ఆటో ఎక్కాను. ఇన్నాళ్లూ కొత్తపల్లివాళ్ల కాలనీ అనేవాణ్ణి. అదెక్కడని డ్రైవర్లు అడిగేవారు, నేను చెప్పేవాణ్ణి. నిన్న మూడో బాయి అన్నాను. ఇల్లు చేరేదాకా నాతో ఎవరికీ మాట్లాడే పని పడలేదు.