పలకని మీట

ఊరి హాల్లో టీ బల్ల కనిపిస్తే చాలు, ఫియక్రా నేటికీ తల దించుకుంటాడు.

అతని ఫిడేలు మీది బాణీలన్నీ పొరుగింటి డింప్నా వంటింట్లో, ఆమె కాన్సర్టీనా అనే చిన్న చేతి హార్మోనియం పెట్టె మీటలు నొక్కుతుంటే విని నేర్చినవే. వాళ్ళుండే క్లేర్ ప్రాంతంలో ఎవరు ఏ బాణీ వాయించినా అది ఎవరి దగ్గర నేర్చుకున్నదో ముందు చెప్పి తీరాలి. చెప్పనివాడు ఎంత విద్వాంసుడైనా మర్యాద తెలియనివాడే.

పాత బాణీని విరగ్గొట్టి, అప్పటికప్పుడు తోచిన శబ్దాలతో మళ్ళీ కట్టడం ఫియక్రా బృందం పద్ధతి. డింప్నా దగ్గర నేర్చిన ఒక బాణీలో ఒకచోట స్వరం ఉండదు, ఖాళీ ఉంటుంది. ఒక ఆదివారం ఊరి హాల్లో కచేరీ చేస్తూ ఆ ఖాళీ చుట్టూ పావుగంట వాయించారు. చప్పట్లు మోగాయి. గర్వం తలకెక్కి, "ఈ మౌనం నేను కనిపెట్టిందే!" అనేశాడు ఫియక్రా.

కచేరీ అయ్యాక టీ బల్ల దగ్గర ఎనభై దాటిన డింప్నా ఎదురైంది.

"ఏరా, నువ్వు కనిపెట్టావా? నా పెట్టెలో ఆ మీట పాడై పలికేది కాదు. అంతేరా నాయనా!"

చుట్టూ ఉన్నవాళ్ళు ఘొల్లున నవ్వారు. ఫియక్రాకి తల కొట్టేసినట్టయింది.

"తప్పయిపోయింది పెద్దమ్మా. నీ పేరు చెప్పాల్సింది."

"పేరుదేముందిలే." ఆమె అతని పళ్ళెంలో కేకు ముక్క పెట్టింది. "ఆ మీట బాగుచేయించి ఆరేళ్ళయింది. స్వరం చక్కగా పలుకుతోంది. గోడ అవతలే ఉంటావు కదరా, ఒక్కసారి నా గుమ్మం తొక్కినా తెలిసేది."